కుడిపక్క మూల

మా కొడుకుకు నెల నిండేసరికి మెడ ఒక పక్కకే తిరిగి ఉందని మా అత్త కనిపెట్టింది. కాళ్లు చాపి, వాణ్ని వాటి మీద వేసుకుని లాల పోస్తుంటే తల ఎడమ భుజం మీదికి వాలిపోతోంది, ముఖం కుడికి తిరిగిపోతోంది. మెడకు ఎడమపక్క చింతగింజంత గట్టి గడ్డ.

అప్పుడు మేం బెల్లంపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఒకటే గది. వీణ్ని పడుకోబెట్టే చోటికి కుడిపక్క మూలన నా పెద్దబిడ్డ పడుకునేది. మూడేళ్ల పిల్ల. వీడు పుట్టడానికి రెండు నెలల ముందు జ్వరమొచ్చి పోయింది. దాని చాప ఇంకా ఆ మూలనే చుట్టి ఉంది. తీసెయ్యమన్న వాళ్లందరి మీదా కయ్యిమని లేచేదాన్ని.

పక్కింటామె నోరు ఊరుకోలేదు. "వాళ్లక్కనే సూస్తుండు పిలగాడు. గా పిల్ల గాడనే కూసున్నది" అంది. మా అత్త ఆమెను తిట్టి పంపించింది. నేను మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకున్నాను.

దవాఖానలో నర్సమ్మ చేసి చూపించింది. ఒక చేత్తో భుజం కదలకుండా పట్టి, ఇంకో చేత్తో గడ్డాన్ని మెల్లగా ఎడమకు తిప్పి, పది లెక్కపెట్టేదాకా ఉంచాలి. తర్వాత తలను కుడి భుజం వైపు వంచాలి. రోజుకు అయిదుసార్లు. ఎడమవైపు నుంచి ఏదైనా చప్పుడు చెయ్యాలి. ఏడ్చినా మానొద్దంది, ఏడాది దాటితే మెడ అట్లాగే బిగుసుకుపోతుందంది. దారిలో మా అత్త, "మొక్కై వంగనిది మానై వంగుతదా? రోజూ చెయ్యాలె పిల్లా" అని గట్టిగా చెప్పింది.

చేశానా? అత్త అడిగితే చేశాననేదాన్ని. అబద్ధం. వాడు ఆ మూలకేసి చూసి నవ్వుతుంటే, ఆ ముఖాన్ని పట్టి ఇవతలికి తిప్పడానికి నాకు చేతులు రాలేదు. ఆ ఇంట్లో నా బిడ్డను చూసే కళ్లు అవి రెండే. నాకు కనిపించనిది వాడికి కనిపిస్తోందని కన్నకొడుకు మీదే కుళ్లుకున్నాను.

అయిదో నెలలో ఒకరోజు వాణ్ని బోర్లా వేశాను. తల ఎత్తబోయి, మెడ నిలవక, ముక్కు నేలకు కొట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు. ఎత్తుకుని వెలుతురులో చూస్తే తల ఒక పక్క చదునుబడింది, ఒక చెంప చిన్నదిగా ఉంది. ఒకదాన్ని కాపాడుకోలేకపోయాను. రెండోవాణ్ని నా చేతులారా పాడుచేస్తున్నాను.

పెట్టె తీశాను. గుడ్డలో కట్టి దాచిన నా బిడ్డ పట్టగొలుసులు తీసుకుని వాడి ఎడమపక్క కూర్చున్నాను. గడ్డం పట్టి తిప్పితే వాడు కెవ్వుమన్నాడు. మువ్వలు ఆడించి, "గిటు రా బిడ్డా, తమ్ముడు గిటు సూడాలె" అని మూలనున్నదాన్ని పిలిచాను. వాడి కళ్లు మువ్వల వైపు తిరిగాయి.

అట్లా రోజుకు అయిదుసార్లు, ఏడు నెలలు పిలిచాను. వాడు ఏడుస్తూనే తిరిగేవాడు, తర్వాత నవ్వుతూ తిరిగాడు. మొదటి పుట్టినరోజుకు మెడ నిట్టనిలువుగా నిలిచింది. అత్త వాణ్ని అటూ ఇటూ తిప్పి చూసి సంబరపడింది. అంతలో నన్ను చూసి నవ్వు ఆపేసింది.

"పిలగాని మెడ సక్కగైంది. నువ్వెందుకే ఎప్పుడూ గా మూలకే సూస్తవు?"

"అది గిటు రాలే అత్తమ్మా" అన్నాను. "గాడ ఒక్కతే ఉన్నది."