సున్నం పూసిన గట్టు

ఈ ఉదయం మా గేటు ఎదుట రోడ్డుకు అడ్డంగా తెల్లచారలు వేస్తున్నారు. ఆ తడి రంగు వాసన వరండాలోకి రాగానే సూర్యాపేటలో మా పాత ఇంటి ముందు నాయనమ్మ కలిపిన సున్నం గుర్తొచ్చింది, దానితోపాటు ఆనాటి భయం కూడా.

1949, ఎండలు ముదిరిన రోజులు. డైరీ రాసే అలవాటు నాకు తర్వాతెప్పుడో వచ్చింది కనుక తేదీ చెప్పలేను. ఉన్నవాళ్ళను చెప్పగలను: నాయనమ్మ, అమ్మ, చిన్నపిల్లనైన నేను, జట్కా తోలే మస్తాన్, అతని బండిలో ఒక నిండు చూలాలు.

మా ఇల్లు రోడ్డుకు ఈ పక్క, మంచినీళ్ళ బావి ఆ పక్క. చాప మీద ఆరేసిన మామిడి ముక్కల పులుపు, బొగ్గుతో నడిచే బస్సు వదిలిన పొగ, మిర్యాలగూడ నుంచి వడ్లు మోసుకొచ్చే ఎద్దుల చెమట, అన్నీ కలిసిన గాలిలో గచ్చకాయలు ఆడుకుంటూనే నేను కోదాడ వైపు ఒక చెవి వేసి ఉంచేదాన్ని. మిలట్రీ లారీ మోత వినపడితే చాలు, ఆట వదిలేసి అమ్మ దగ్గరికి ఉరికేదాన్ని. అమ్మకు చెవులు వినపడవు. హారన్ కొడితే జనం తప్పుకుంటారని డ్రైవర్ల ధీమా. నీళ్ళ బిందెతో రోడ్డు దాటే అమ్మ కొంగు పట్టుకుని రెండు వైపులా నేనే చూసేదాన్ని. కలలో మాత్రం ఆ కొంగు రోజూ చేయి జారిపోయేది.

ఒక పొద్దున నేను కొంగు అందుకునేలోపే లారీ అమ్మను రాసుకుంటూ పోయింది. బిందె ఎగిరిపడి సొట్టపోయింది. అమ్మ తిరిగి చూసేసరికి దుమ్మే మిగిలింది. ఏం జరిగిందో నా ముఖం చూసి తెలుసుకుంది.

నాయనమ్మ పార తీసింది. మడికి వేసినట్లే రోడ్డుకు అడ్డంగా మట్టి పోసి, తడిపి, తొక్కి, నిటారు అంచులతో గట్టు వేసింది.

"ఇగ ఎట్ల ఉరుకుతడో సూస్త!"

ముందు వచ్చింది లారీ కాదు, దవాఖానకు పోతున్న మస్తాన్ జట్కా. చక్రం గట్టెక్కి బండి ఒక పక్కకు ఒరిగింది. లోపల నిండు చూలాలి కేక. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బండి నిలదొక్కుకుంది, గుర్రం వణుకుతోంది.

"ఏందవ్వా గిది! లారీకి పెట్టినవా, నా గుర్రానికి పెట్టినవా?"

"లారీకే అడ్డమైతదనుకున్న, మస్తానూ," అంది నాయనమ్మ. బండి దగ్గరికి పోయి, "కడుపుల మెదులుతుందా, బిడ్డా?" అని అడిగింది.

చూలాలు పొట్ట మీద చేయి పెట్టుకుంది. కదలిక తగిలాక తలూపింది.

ఆమెను దవాఖానలో దింపి వచ్చి మస్తానే పార అందుకున్నాడు. "బండి ఎక్కాలె, దిగాలె. దూరం నుంచే కనపడాలె," అంటూ గట్టును రెండు వైపులా వాలుగా చెక్కాడు. నాయనమ్మ సున్నం పూసింది. అది ఆరాక అమ్మ గట్టు చుట్టూ ముగ్గు పెట్టింది.

"నా గుర్రానికి ముగ్గు తెల్వదవ్వా."

"నీకు తెలుసు గద, నువ్వు ఆపు!"

ఆ బావీ మా గడపా ఇప్పుడు వెడల్పయిన రోడ్డు కింద ఉన్నాయి. జట్కాలు పోయాయి. ముగ్గును చూసి ఆగేంత మెల్లగా ఇప్పుడక్కడ ఏ బండీ నడవదు.

గట్టుకు సున్నం పూసిన మర్నాడు పొద్దున అమ్మ బిందెతో రోడ్డు మధ్యలో ఉండగా కోదాడ వైపు నుంచి లారీ వచ్చింది. నేను కొంగును రెండు చేతులా పట్టుకున్నాను. తెల్లటి గట్టు కనపడగానే లారీ వేగం తగ్గింది, ముగ్గు ముందు ఆగింది. డ్రైవర్ తల బయటికి పెట్టి చూశాడు. అమ్మకు ఆ సంగతే తెలియదు. నీళ్ళు తొణకకుండా గడప దాకా నడిచింది. లోపలికి వెళ్ళాక కూడా, కొంగు వదలమని అమ్మ నాకు రెండుసార్లు సైగ చేయాల్సి వచ్చింది.