రివర్సు లైట్లు, పొన్నగంటి కూర

మా పికప్ బండికి రివర్సు లైట్లు వెలగవు. ఈ ముక్క కిందటి చలికాలమంతా ఎంతమంది దగ్గర మొత్తుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న రైల్వే ఉద్యోగంతో వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, లింగియాడీహ్ పేటలో, మా ఇల్లు సందు చివర ఉంది. బండి లోపలికి వస్తుంది గానీ తిప్పుకోవడానికి చోటు లేదు. స్టేషన్ దగ్గర నాకు చిన్న టిఫిన్ దుకాణం ఉంది. ఇడ్లీ గిన్నెలూ సాంబారు డేక్షాలూ ఎక్కించుకుని, తెల్లవారకముందే ఆ చీకట్లో సందు పొడుగునా వెనక్కి నడిపి రోడ్డెక్కాలి. నైట్ డ్యూటీ దిగి ఆకలితో వచ్చేవాళ్ళు నా కోసం ఆగరు, పక్క కొట్టుకి పోతారు.

దానికి తోడు మా నాన్న. గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. బండి వెనక్కి పోవాలంటే వెనక గార్డు ఉండి తీరాలన్నది ఆయన సిద్ధాంతం. అది రైలా, ఇడ్లీ బండా అన్న తేడా లేదు. రోజూ నాకంటే ముందే లేచి, మఫ్లర్ చుట్టుకుని, సందు మలుపులో గోడ పక్కన నిలబడేవాడు. చేతిలో డ్యూటీ రోజుల నాటి, రంగులు మార్చే టార్చి. పచ్చ వేస్తే రావాలి, ఎర్ర వేస్తే ఆగాలి. అద్దంలో నాకు ఆ పచ్చ చుక్క తప్ప మనిషి కనపడేవాడు కాదు.

ఒకరోజు పచ్చ చూపించాడు. నేను వెనక్కి పోనిచ్చాను. బండి మూల పోయి గోడకి గీసుకుంది. దిగి చూస్తే, నాన్న అక్కడే, గోడకి కరుచుకుని నిలబడి ఉన్నాడు. ఇంకాస్త పక్కకి ఉంటే మనిషి దక్కేవాడు కాదు.

"ఎర్ర ఎందుకు వెయ్యలేదు నాన్నా?" అని అరిచాను.

"సెల్లు వీకైపోయిందమ్మా," అన్నాడు.

"ఇంక నువ్వు బండి వెనక నిలబడొద్దు. ఇంట్లో కూర్చో."

"గార్డు లేకుండా బ్యాకింగేటే? నీకేటైనా మతుండే మాట్లాడుతున్నావా?"

ఇక ఆయనతో వాదించి లాభం లేదనిపించింది. బండి కొన్నప్పటి నుంచీ రివర్సు లైట్లు పనిచెయ్యలేదు, సెకండ్‌హ్యాండు బండి కదా అని నేనూ వదిలేశాను. అవి వెలిగితే సందంతా పగల్లా కనపడుతుంది, ముసలాయన్ని వెనక నుంచి తప్పించవచ్చు. నాకు కావలసింది అంతే.

మెకానిక్ మొదట బల్బులు మార్చాడు. వెలగలేదు. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. బండి కిందకి దూరి గేరు డబ్బా మీదున్న స్విచ్చి మార్చాడు. అయినా వెలగలేదు. నేను ఎండలో స్టూలు మీద కూర్చుని, అతను కేకేసినప్పుడల్లా లేచి రివర్సు గేరు వేసి దిగడం. చివరికి వెనక చక్రం పైన తీగ ఎలుకలు కొరికేసి ఉందన్నాడు. రెండు లైట్లకీ అదొక్కటే దారి. కొత్త తీగ వేసి, మధ్యలో ఊడదీసి పెట్టుకునే జాయింటు ఒకటి బిగించాడు. లైట్లు భగ్గున వెలిగాయి. ఆ సాయంత్రం ఇంటి ముందు నాన్నకి కూడా వేసి చూపించాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, "అచ్ఛా, బాగుంది," అని లోపలికి పోయాడు.

మర్నాడు చీకట్లో రివర్సు వేస్తే లైట్లు లేవు. అద్దంలో మళ్ళీ ఆ పచ్చ చుక్క.

మెకానిక్ దగ్గరికి పోతే జాయింటు ఊడిందన్నాడు. రోడ్ల గతుకులకి ఊడుంటుందని గట్టిగా నొక్కాడు. వెలిగాయి. మర్నాడు మళ్ళీ లేవు. ఈసారి జాయింటు మీద నల్ల టేపు చుట్టాడు. ఆ మర్నాడూ లేవు! నాకు ఏడుపొక్కటే తక్కువ. దుకాణం మధ్యాహ్నం మూసేసి మళ్ళీ అతని దగ్గరికి పరిగెత్తాను. అతను కిందకి దూరి చూసి, మెల్లగా బయటికి వచ్చాడు.

"దీదీ, చూహా తీగ కొరుకుతుంది గానీ టేపు విప్పి చుట్ట చుట్టి పెట్టదు కదా," అన్నాడు హిందీలో.

మళ్ళీ కిందకి దూరి టేపు చుట్టాడు. ఎవడో కావాలని చేస్తున్నాడు! దారి పొడుగునా సందులో ఉన్న ప్రతి ఇంటినీ తిట్టుకుంటూ వచ్చాను. ఇవాళ వాడి చెయ్యి విరగ్గొట్టాల్సిందేనని బండి ఇంటి ముందు నిలిపి, లోపలికి పోయినట్టు పోయి, కిటికీ వెనక నిలబడ్డాను.

కాసేపటికి నాన్న బకెట్టూ గుడ్డా పట్టుకుని బండి కడగడానికి వచ్చాడు. చక్రం దగ్గర చతికిలబడ్డాడు. చెయ్యి లోపలికి పెట్టి, చూడకుండా, తడుముకుంటూ టేపు విప్పసాగాడు.

"నాన్నా!"

ఉలిక్కిపడ్డాడు. టేపు ఇంకా వేలికి అంటుకునే ఉంది.

"నీ కోసమే కదా నేను చస్తున్నాను! దుకాణం వదులుకుని ఆ మెకానిక్ చుట్టూ తిరుగుతున్నాను! నా మీద ఏటి నీకు కక్ష?"

వేలికున్న టేపు పీక్కున్నాడు. తరవాత నేల చూస్తూ అన్నాడు. "ఆ తెల్ల లైటు కళ్ళల్లో పడితే నాకు ఏటీ కనపడదమ్మా. అంతా పాలు ఒలికిపోయినట్టయిపోద్ది."

"మరి లైటు లేనప్పుడు కనపడుతుందా?"

"అప్పుడు బండి చప్పుడు వింటాను."

ఇన్నాళ్ళూ చప్పుడు విని పచ్చ వేస్తున్నాడు!

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే డ్యూటీ దింపేస్తావు గదా."

అప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు క్వార్టర్‌లో, నాన్నకి రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్ష వస్తోందంటే ఇల్లంతా గుసగుసలే. అందులో ఫెయిలైతే బండి మీద పంపరు, ఆఫీసులో ఏదో బల్ల దగ్గర కూర్చోబెడతారు. అలా దిగిపోయిన మనిషి ఎదురైతే నాన్న అతని మొహంలోకి చూడలేకపోయేవాడు. ఆ రోజుల్లో అమ్మ పూటపూటా పొన్నగంటి కూరే వండేది, కళ్ళకి మంచిదని. కిందటి చలికాలమంతా కూడా ఆయన రోజూ పొన్నగంటి కూరే చెయ్యమనేవాడు. నేను పెరట్లో కుండీల్లో వేసి, విసుక్కుంటూ వండి పెట్టేదాన్ని. నోటికి రుచి తప్పిందేమో అనుకున్నాను గానీ నా బుర్రకి తట్టలేదు.

కోపం పోలేదు. కోపంతోనే జాయింటు నేనే నొక్కాను. కోపంతోనే, "రేపు దుకాణం కట్టేశాక కళ్ళాసుపత్రికి పోతున్నాం. ఆపరేషన్ అయి కట్టు విప్పేదాకా నువ్వు సిక్కు లీవులో ఉన్నట్టే. డ్యూటీ ఇంకెవరికీ ఇవ్వను," అన్నాను. ఆయన తలూపాడు.

మర్నాడు ఆయన్ని ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మఫ్లర్ ఉంది, టార్చి ఒళ్ళో ఉంది. రివర్సు వేశాను. సందంతా తెల్లగా వెలిగింది. ఆయన రోజూ నిలబడే చోటు అద్దంలో మొదటిసారి సరిగ్గా కనపడింది. అక్కడ బండి తిరిగేటప్పుడు గోడకీ బండికీ మధ్య, గోడకి కరుచుకుంటే తప్ప మనిషి పట్టేంత చోటు లేదు.

నా కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు.

"ఏటమ్మా, ఆగిపోయావు? వెనక ఎవరైనా ఉన్నారా?" అన్నాడు నాన్న.

"ఎవరూ లేరు నాన్నా," అన్నాను.