ఆడ వంట ఎవురు చేస్తారమ్మా?

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం హోసూరులో రాయకోట బస్సెక్కేటప్పటికి, ఎక్కడ దిగాలో ఇంకా తేల్చుకోలేదు. హనీమూన్‌కు వెళ్లినచోట చెత్త పోగెయ్యకూడదని, మేం పెట్టే ఖర్చు ఆ ఊరివాళ్లకే చేరాలని ఇద్దరిదీ ఒకే మాట. కానీ మా ఆయనకు రాయకోట రిసార్టులోని వెదురు గదులు, సోలార్ దీపాలు నచ్చాయి. నాకేమో దారిలో ఉద్దనపల్లిలో ఒక రైతు తన ఇంట్లో అద్దెకిచ్చే గది మీద మనసు.

పక్క సీట్లో అనప చిక్కుడుకాయల సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ మా వాదనంతా విని, చివరికి ఉండబట్టలేక అడిగింది.

“ఆడ వంట ఎవురు చేస్తారమ్మా?”

మాకు తెలియదు. మా ఆయన రిసార్టుకు ఫోన్ చేశాడు. భోజనం బెంగళూరు నుంచి వ్యాన్‌లో వస్తుందట. రైతుకు చేస్తే, “మా ఇంటామే చేస్తాదప్పా. మేం తినేదే మీకూ” అన్నాడు.

మా ఆయన లేచి పైనున్న బ్యాగు దించాడు.

ఉద్దనపల్లిలో దిగబోతుంటే ఆవిడ నన్ను ఆపి, నా చున్నీలో దోసిళ్లతో కాయలు పోసింది. “ఆయమ్మకి ఇయ్యి. పితికిన పప్పు చేయమను. ఒక్కతే పితికేది కష్టం, మీరిద్దరూ కూసోండి.”

మర్నాడు పొద్దున ఆ ఇంటామెతో కలిసి వంటగదిలో కూర్చుని, నానిన గింజల తొక్కలు వేళ్లతో పితికి తీశాం. మా ఆయన పితికిన గింజలన్నీ ఎగిరి గోడలకు తగిలాయి.

ఇప్పటికీ ఏ ఊరు వెళ్లాలన్నా, వంట ఎవరు చేస్తారని ఫోన్ చేసి అడిగేది ఆయనే. అప్పటికే నేను, అక్కడ వండే ఆమె చేతికిద్దామని, సంచీ తీసుకుని కూరగాయల కొట్టుకు బయలుదేరి ఉంటాను.