ఒకే వైపుకు జరిగిన గోడ

చిత్తూరులో పరుపులు కుట్టే సుభాన్ బాషా కూతురు సబియాకు మనుషులంటే అంత సులభంగా చులకన కలగదు. ధనంజయ సారు మాత్రం ఆ చులకనను దగ్గరుండి సంపాదించుకున్నాడు.

తిరుపతిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆయన ఫిజిక్సు ప్రొఫెసర్. సబియా ఆయన దగ్గర పరిశోధన చేసేది. వెంట్రుకలో వందో వంతు మందం కూడా లేని లోహపు తీగ ఆమె పని. ఆ తీగలో కొంత మేర అయస్కాంతత్వం ఒక దిక్కుకు, మిగతా మేర ఎదురు దిక్కుకు ఉంటుంది. రెంటికీ నడుమ ఉండే హద్దును గోడ అంటారు. కరెంటు పంపితే గోడ జరుగుతుంది. మరీ ఎక్కువ కరెంటు పంపితే తీగే కాలిపోతుంది. తక్కువ కరెంటుతో జరపగలిగితేనే ఘనత. అప్పుడు బ్యాటరీని పెద్దగా తినకుండా సమాచారం దాచే పరికరాలు చేయొచ్చు.

తక్కువ కరెంటుకు సబియా గోడ ఎన్నాళ్లకూ కదల్లేదు. ల్యాబు మొహం చూడని ధనంజయ ఒక రోజు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. మైక్రోస్కోపు తెర మీద నలుపుకూ తెలుపుకూ మధ్య గీతలా కనబడే గోడ మెల్లగా పక్కకు జరిగింది.

“సూసినావా మా? దేనికైనా నా సెయ్యి పడాల,” అన్నాడు.

ఆయన వచ్చిన ప్రతిసారీ గోడ జరిగేది, వెళ్లగానే ఆగిపోయేది. ఆయన దాన్ని తన మహిమ కిందే రాసుకున్నాడు. విలేకరులను పిలిపించి, స్విచ్చు ఎక్కడుందో కూడా తెలియని యంత్రం పక్కన నిలబడి ఫొటో దిగాడు.

సబియాకు అనుమానం వచ్చింది. ఆయన ఉండగానే కరెంటును ఎదురు దిక్కుకు మార్చింది. గోడ వెనక్కి రావాలి. అది మళ్లీ అదే వైపుకు జరిగింది. కరెంటు పూర్తిగా ఆపేసింది. అయినా జరిగింది. తీగ పక్కనే ఆయన ఫోన్ ఉంది. దాన్ని తీసి దూరంగా పెట్టగానే గోడ ఆగిపోయింది.

“సార్, జరిపింది కరెంటు కాదు. మీ ఫోన్ కవరుకుండే అయస్కాంతం.”

ధనంజయ ముందు తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

“ఎల్లుండి సదస్సు ఉండాది. బ్యానర్లు కూడా కట్టేసినారు. ఇప్పుడెందుకు మా ఈ మాట?”

“తప్పు కదా సార్.”

“గోడ జరిగిందా లేదా? అంతే. నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేనే, మర్సిపోవద్దు.”

అప్పటిదాకా సబియాకు ఆయనంటే కాస్త భయం ఉండేది. ఆ మాటతో అదీ పోయింది. అన్నంలో బొద్దింక కనబడితే కలిగే ఏవగింపు మిగిలింది.

“అయితే సదస్సుకిచ్చే రీసెర్చి పేపర్లో నా పేరు తీసేయండి సార్.”

వాటా అడిగే మనిషి తప్పుకున్నట్టు ఆయన సంతోషంగా తీసేశాడు.

సదస్సులో శాలువా కప్పించుకుని, ఇదంతా తిరుచానూరు అమ్మవారి దయ అన్నాడు. వేరే సంస్థ నుంచి వచ్చిన భానుశ్రీ అనే శాస్త్రవేత్త లేచి, “కరెంటు దిక్కు మార్చి చూశారా సార్?” అని అడిగింది.

“అది తర్వాతి దశలో మేడం.”

వెనక వరసలో సబియా ఫక్కున నవ్వింది. భానుశ్రీ భోజనాల దగ్గర ఆ నవ్వుకు కారణం అడిగి, అంతా విని, తన ల్యాబుకు రమ్మంది. చేసిన పని వదులుకుని సబియా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చిన్న కరెంటే గోడను గట్టిగా నెట్టేలా కోబాల్టు తీగ కింద పలచని ప్లాటినం పొర వేసింది. ఫోన్లన్నీ గది బయట పెట్టించింది. కొన్ని తీగలు కాలిపోయాయి. చివరికి ఒక తీగలో చిన్న కరెంటుకే గోడ జరిగింది. దిక్కు మారిస్తే బుద్ధిగా వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం సబియా దాన్ని ఇటూ అటూ నడిపిస్తూ అన్నం మాటే మరిచిపోయింది.

ఈలోగా ధనంజయ ఫలితం ఇంకెవరికీ రాలేదు. నిలదీసినవాళ్లకు ఆయన, “అది మా స్టూడెంటు పొరపాటు,” అని చెప్పుకున్నాడు. పేపర్లో ఆయన పేరొక్కటే ఉండటంతో నమ్మినవాళ్లు లేరు.

సబియా పేపరు వచ్చిన వారంలో ఆయన ఫోన్ చేశాడు. ఆమె చిత్తూరులో ఇంటి దగ్గరుంది.

“నా దగ్గర మొదలైన పనే కదా మా. తర్వాతి పేపర్లో నా పేరు కూడా...”

“పొరపాట్లు చేసే స్టూడెంటు పేపర్లో మీ పేరెందుకు సార్,” అని ఫోన్ పెట్టేసింది.

“ఎవురు మా?” అన్నాడు సుభాన్ బాషా దూది ఏకుతూ.

“ఎవురో లే అబ్బాజాన్,” అంది సబియా.