తిమింగిలం పుట

దేవభూషణం సాధించిన తొలి ఘనకార్యం, మూడో దండయాత్రలో పదో తరగతి గట్టెక్కడం. ఆళ్లగడ్డలో ఎవరెదురైనా మీసం దువ్వుతూ అది చెప్పందే దారి వదలడు. తిమింగిలం చేప కాదని బడిపంతులు తన మాట కొట్టేశాడన్న పౌరుషంతో ఇద్దరు పిల్లలనూ బడి మాన్పించి, ఇంట్లో తానే పంతులుగిరీ వెలగబెడుతున్నాడు. మళ్లీ బడికి పంపమని భార్య హన్నమ్మ ఏడాదిగా పోరుతూనే ఉంది. ఎనభై మూడు వేసవిలో పిల్లలకు విజ్ఞాన సర్వస్వం కొంటానని ఆమెను వెంటబెట్టుకుని నంద్యాల పోయాడు. అంగట్లో ఏ పుస్తకం చేతికిచ్చినా వేలు తడుపుకుని నేరుగా తిమింగిలం పుటకే పోయాడు.

"పిల్లలకు పాలిస్తాదంట! చేప పాలిచ్చేదేందప్పా? ఇంకోటి తియ్."

"ఉండేవి మూడే అన్నా. మూడిట్లోనూ అదే ఉండాది."

"అయితే మూడూ తప్పే!"

సరైన పుస్తకం హైదరాబాదులోనే దొరుకుతుందని తేల్చి, మర్నాడే బస్సెక్కాడు. హన్నమ్మ సద్దిమూట చేతికిచ్చి, "నిదానంగా ఎతుక్కోని రా, బేగా రావాల్సిన పనేం ల్యా," అంది. బస్సు మలుపు తిరగగానే పిల్లలిద్దరినీ తీసుకుని పెద్దపంతులు ఇంటికి నడిచింది. బడి తెరిచేది జూన్ పదమూడున. దేవభూషణం తిరిగొస్తానన్నది పదహారున.