ఆ రెండు గీతలు నొక్కింది నేనే

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి. అది మాత్రం దిగదు, పైకీ రాదు. ఈ రోజు చెబుతున్నాను. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, అంకెలు గుర్తుపడతాను, అంతే. నేను చెబుతుంటే కింది ఫ్లాటు టీచరమ్మ రాస్తోంది. నా మాటలు సరిచేసి రాయమన్నాను. తప్పును మాత్రం సరిచేయవద్దన్నాను.

పేరు చెప్పను. మాది శ్రీకాకుళం వైపు. ఇక్కడ నోయిడా దగ్గర వైశాలిలో ఉంటున్నాం. మా ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రైవరుగా చేస్తూ ఉండగానే పోయారు. అప్పటికి మా అమ్మాయిది పదో తరగతి. అప్పటినుంచి ఇడ్లీపిండి, దోసెలపిండి రుబ్బి చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లకు ఇస్తున్నాను.

డిగ్రీ అయ్యాక అమ్మాయి ఎంబీఏ ఎంట్రన్సుకు కూర్చుంది. పొద్దున్నే లేచి లెక్కలు చేసేది. నలభై నిమిషాలు, ఇరవై రెండు లెక్కలు. అసలు పరీక్షలోనూ అంతేనట. రైళ్లు ఎదురెదురుగా వస్తాయట, తొట్లు నిండుతాయట, పాలల్లో నీళ్లు కలుపుతారట. నాకు అర్థమైనవి ఆ పాలూ నీళ్లే. ఎదురుగా గడియారం ఉంటే ధ్యాసంతా దానిమీదే పోతోందని గోడ గడియారాన్ని వంటింట్లోకి మార్చింది. తన ఫోనులో నలభై నిమిషాలు పెట్టి నా చేతికిచ్చేది.

"మోగగానే ఆవాజ్ ఇవ్వమ్మా, గట్టిగా పిలువు. ఒక్క సెకను కూడా ఎక్కువ ఇవ్వకు. నేను ఏడ్చినా సరే."

"నువ్వేడుస్తుంటే ఎలా సూడమన్నావే?"

"చూడకు. పిండి రుబ్బుకో."

దాని చదువులో నాకు దొరికిన ఒకే ఒక్క పని అది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మొదట్లో ఫోను మోగేసరికి దానికి ఇంకా పది లెక్కలు మిగిలేవి. పెన్సిలు విసిరేసేది. టిఫిను ముట్టేది కాదు. ఒకరోజు వంచిన తల ఎత్తకుండా గబగబా రాస్తోంది. ఫోనులో అంకెలు తగ్గిపోతున్నాయి. ఆ అంకెల కింద రెండు నిలువు గీతలుంటాయి. నొక్కితే అంకెలు ఆగుతాయి, మళ్లీ నొక్కితే కదులుతాయి. ఇది నాకెవరూ నేర్పలేదు. అంతకుముందు ఒకసారి పిండి చేత్తో పట్టుకుంటే అదే ఆగింది, భయపడి మళ్లీ నొక్కాను. ఆ రోజు మాత్రం తెలిసే నొక్కాను. కుక్కరు ఒక్క కూత వేసేదాకా ఆపి, వదిలాను. అమ్మాయి నవ్వుతూ వంటింట్లోకి వచ్చి నాలుగు దోసెలు తిన్నది.

ఆ నాలుగు దోసెల కోసం మర్నాడూ నొక్కాను. ఒక కూత రెండయింది, రెండు నాలుగయ్యాయి. పరీక్ష దగ్గరపడేసరికి దాని నలభై నిమిషాలు నా గోడ గడియారంలో యాభై దాటేవి. ఆలస్యమైతే తాను కూర్చోవడమే ఆలస్యమైందనుకునేది. అమ్మ చేతిలో ఉన్న ఫోనును ఎవరు అనుమానిస్తారు?

ఆదివారాలు కోచింగులో కంప్యూటరు మీద పరీక్ష పెట్టేవారు. ఒక ఆదివారం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడప దగ్గరే కూలబడింది.

"అమ్మా, ఇంట్లో పద్దెనిమిది చేస్తాను. అక్కడ పన్నెండు దాటట్లేదు. అవే లెక్కలు, అదే టైమ్. ఐసా క్యోఁ? ఎందుకిలా?"

చెప్పాల్సిన క్షణం అదే. నోటిదాకా వచ్చింది. ఏం వచ్చిందో, ఏం బయటపడిందో చూడండి.

"భయపడతన్నావమ్మా. నలుగురిలో కూర్సుంటే నీకు భయం. సిన్నప్పట్నుంచీ అంతే."

"అచ్ఛా? చిన్నప్పుడు కూడానా?"

"అంతేనే."

అబద్ధం. చిన్నప్పుడు అది దేనికీ భయపడలేదు. వాళ్ల నాన్న పోయిన రోజు, ఆసుపత్రి కాగితాల మీద నేనెక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించింది అదే. ఆ వేలు వణకలేదు.

పోనీ మర్నాటినుంచైనా ఆపడం మానేశానా? లేదు. మానేస్తే పద్దెనిమిది పన్నెండవుతాయి, దానికి తెలిసిపోతుంది. అప్పటికి నేను నొక్కుతున్నది దానికోసం కాదు, నాకోసం. ఇంకొకటి కూడా ఉంది. మంచి కాలేజీలన్నీ వేరే ఊళ్లలో ఉన్నాయని, రెండేళ్లు హాస్టల్లో ఉండాలని అది చెబుతుండేది. ఆ గీతలు నొక్కిన నా వేలిలో జాలి ఎంత, ఇది నన్నొదిలి పోకూడదన్న ఆశ ఎంత? పాలెన్ని, నీళ్లెన్ని అని దాని పుస్తకంలో లెక్కలుండేవి కదా, ఇదీ అలాంటిదే. నాకు తేలలేదు.

పరీక్ష రాసి వచ్చి ఒకటే మాట అంది. "ఆరు లెక్కలు చదవనైనా లేదమ్మా. టైమ్ ఖతమ్." సీటు రాలేదు. తరువాతి ఏడు కూర్చోమని వాళ్ల సారు ఫోను చేస్తే, "నాకు భయం సార్, ఛోడ్ దీజియే, వదిలేయండి" అంది. నేను పక్కనే ఉన్నాను. నా మాట దాని నోట్లోంచి వస్తోంది. పుస్తకాలు పాతసామాన్ల భయ్యా తూకం వేసి పట్టుకుపోయాడు.

ఇప్పుడు నోయిడాలో ఉద్యోగం చేస్తోంది. పైమెట్టు ఎక్కాలంటే ఆఫీసులో ఒక పరీక్ష రాయాలట. దాని తరువాత చేరినవాళ్లు ఇద్దరు రాసి ఎక్కేశారు. మొన్న మెట్ల మీద ఈ టీచరమ్మే అడిగింది, నువ్వెందుకు రాయవని. అది నవ్వేసి, "నా వల్ల కాదు ఆంటీ. బచ్‌పన్ సే డర్‌పోక్ హూఁ. కావాలంటే అమ్మనడగండి" అంది.

చిన్నప్పటినుంచీ పిరికిదట. దానికి సాక్షిని నేనట.

ఆ పరీక్షకు పేరివ్వడానికి ఈ నెలాఖరు దాకా గడువుంది. అంటే సమయం మళ్లీ నా చేతిలోనే ఉంది. చెబుతానా? రోజూ అది ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పేటప్పుడు చెబుదామనుకుంటాను. టీ తాగుతావా అని అడుగుతాను. దానికి తెలుగు మాటలు వచ్చు కానీ తెలుగు అక్షరాలు రావు, ఇక్కడి బడిలో చదివిన పిల్ల. ఈ కాగితం దాని చేతిలో పెట్టినా చదవలేదు. అందుకేనా ఇంత ధైర్యంగా తెలుగులో రాయిస్తున్నాను? ఆ సిగ్గు కూడా ఇందులో కలిపి రాయమన్నాను.

గీతల సంగతి చెప్పినప్పుడు టీచరమ్మ కలం ఆగింది. తలెత్తకుండానే మళ్లీ రాయడం మొదలుపెట్టింది. అందుకు ఆమెకు దణ్ణం. క్షమించమని నేను ఎవరినీ అడగడం లేదు, అడగాల్సిన మనిషి ఇంకా ఆఫీసులో ఉంది.

రాసిందంతా టీచరమ్మ చదివి వినిపించింది. చివర ఇంకో ముక్క చేర్చి రాయించి, అది చదవమన్నాను. నా చెవులతో నేను వినాలి. చదివింది.

"నా కూతురు పిరికిది కాదు. నేను దానికి టైము దొంగలెక్క చెప్పాను."

ఇంకోసారి చదవమన్నాను.