పడేసినవాడికే పాఠం

గ్రేడీ హాల్వర్సన్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. తనని కింద పడేసినవాడికి, ఇంకా బాగా పడేయడం ఎలాగో చెప్పకుండా ఉండలేడు.

అమెరికన్ ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్‌గా బతికేవాడికి ఇంతకన్నా ప్రమాదకరమైన జబ్బు లేదు. బంతి పట్టుకుని నిలబడి, ఎవరికి విసరాలా అని చూసేది ఆయనే. ఆ కాస్త వ్యవధిలో ఆయన్ని నేలకేసి కొట్టడానికి అవతల దున్నపోతుల్లాంటి మనుషులు ఉంటారు. వాళ్ళని ఆపడానికి ఇవతల మేం ఉంటాం. నాది సరిగ్గా మధ్య స్థానం. వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి ఆయనకి అందించి తలెత్తేలోగా ఎదుటివాడు నా మీద పడతాడు. అంటే గ్రేడీ పాఠాలు చెవులతో వినేది అవతలివాళ్ళు, ఒంటితో అనుభవించేది నేను.

నేను టొలీడో జట్టులో చేరిన వేసవిలో ఆయన్ని మొదటిసారి చూశాను. అప్పటికే ఏడు జట్లు తిరిగి మా దగ్గరికొచ్చాడు. నాది ఏ ఊరని గానీ, పేరేమిటని గానీ అడగలేదు.

"తమ్ముడూ, బంతి అందించే ముందు నీ కుడి మడమ లేస్తోంది. ఎదుటివాణ్ణి గంట కొట్టి పిలిచినట్టే" అన్నాడు.

"నా మడమ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు ఈ జట్టులోనైనా క్రిస్మస్ దాకా ఉండేట్టు చూసుకో."

"అదీ నిజమే" అని హాయిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన అటు తిరగ్గానే మడమ నేలకి ఆనించాను. ఆ ఆలోచన నాకే వచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది.

ఈ జబ్బు మైదానంతో ఆగేది కాదు. మేమంతా పొద్దున్నే పాన్‌కేకులు తినే హోటల్లో లోరీన్ అనే అమ్మాయి కొత్తగా పనిలో చేరింది. చేరిన రోజే గుడ్లూ బంగాళాదుంప వేపుడూ పళ్ళెంతో సహా గ్రేడీ ఒళ్ళో కుమ్మరించింది. ఇంకొకరైతే యజమానిని పిలిచేవారు. ఈయన గుడ్డు తుడుచుకుంటూ, "వేళ్ళతో పట్టుకోకమ్మా, పళ్ళేన్ని మోచేతి దాకా ఆనించు. ఇదిగో, ఇలాగ" అని లేచి చేసి చూపించాడు. చూపించడంలో ఇంకో రెండు పళ్ళేలు పగిలాయి.

మా పెళ్ళిలోనూ ఇదే గోల. పాస్టరుగారికి అదే మొదటి పెళ్ళట, పుస్తకం పట్టుకున్న చెయ్యి గడగడా వణుకుతోంది. నా పక్కన నిలబడ్డ గ్రేడీ ఊరుకోవచ్చు కదా!

"పాస్టరుగారూ, మోకాళ్ళు బిగపట్టకండి. కొంచెం వంచి, ఊపిరి వదలండి."

పాస్టరుగారు వంచారు. ఎందుకైనా మంచిదని మా ఆవిడా వంచింది. మా పెళ్ళి ఫొటోల్లో అందరం కుర్చీల కోసం వెతుక్కుంటున్నట్టు ఉంటాం.

అసలు గొడవ మాత్రం నేను చేరిన ఆ వేసవిలోనే మొదలైంది. ఆగస్టులో ఓమహా జట్టుతో సన్నాహక ఆట. అలాంటి ఆటల్లో చివరి పావుగంట పెద్ద ఆటగాళ్ళంతా టోపీలు పెట్టుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, మిగిలినవాళ్ళని మైదానంలోకి తోస్తారు. నా ఎదురుగా లూథర్ ఫాంటెనో అనేవాడు వచ్చి నిలబడ్డాడు. లూసియానా వాడు. వాడు నిలబడితే నాకు ఎండ తగల్లేదు.

రెండుసార్లు వాణ్ణి ఆపాను. మూడోసారి ఎలాగో నన్ను దాటి వెళ్ళి గ్రేడీని కిందకి లాగాడు. నేను వెనక్కి తిరిగి చూద్దును కదా, మా క్వార్టర్‌బ్యాక్ వెల్లకిలా పడుకుని, తన గుండెల మీద కూర్చున్నవాడితో మాట్లాడుతున్నాడు.

"బాగుంది నాయనా, బలం బాగుంది. కానీ దూకే ముందు నీ బరువంతా ఎడమ చేతి మీద వేస్తున్నావు. భుజం కిందకి దిగుతోంది. మావాడికి ముందే తెలిసిపోతోంది."

"అన్నా!" అని అరిచాను. "అది నాకూ నీకూ మధ్య ఉండాల్సిన మాట!"

"రెండోది కూడా ఉంది. అది మళ్ళీ కలిసినప్పుడు చెప్తాను" అన్నాడు ఫాంటెనోతో, నేనక్కడ లేనట్టే.

ఆ తర్వాత ఫాంటెనో భుజం దిగలేదు. నేనే దిగాను. ఆ పావుగంటలో వాడు గ్రేడీని ఇంకో మూడుసార్లు పడేశాడు, మూడుసార్లూ నా మీదుగానే నడిచి వెళ్ళాడు.

ఆ వారమే మా జట్టు గ్రేడీని సాగనంపింది. మా కోచ్ బ్రానిగన్‌కి అప్పుడు ఆ ఉద్యోగం కొత్త. ఆ రోజు నన్నూ రమ్మని గది బయట బల్ల మీద కూర్చోబెట్టారు, చివరికి లోపలికి పిలవనే లేదు. తలుపు తీసే ఉంది, అన్నీ వినపడ్డాయి.

"గ్రేడీ, నువ్వు మంచివాడివి. ఎవరి తరఫున మంచివాడివో తెలియడం లేదు" అన్నాడు కోచ్.

"ఫర్వాలేదు కోచ్. ఒక్క మాట చెప్పనా? పంపించేవాణ్ణి మొహం చూసి పంపించు, కిటికీ వైపు చూడకు. అవతలివాడికి కాస్త తేలిగ్గా ఉంటుంది."

ఉద్యోగం పీకేవాడికి, పీకడం ఎలాగో నేర్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత ఆయన ఇంకో మూడు జట్లు చూశాడు. ఎక్కడికి వెళ్ళినా ఇదే కథ. నాలుగేళ్ళ తర్వాత ఒక నవంబరులో మా క్వార్టర్‌బ్యాక్ భుజం విరిగితే, మిగిలిన ఆటల కోసం బ్రానిగన్ దేశమంతా ఫోన్లు చేశాడు. మొదటి గంటకే ఎత్తినవాడు గ్రేడీ ఒక్కడే. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, మోకాళ్ళకి కట్లు కట్టుకుని, "ఆ మూలన పైపు కారుతోందేమిటి?" అంటూ మా డ్రెస్సింగ్ రూములోకి వచ్చాడు.

వచ్చినవాడు వరసగా నాలుగు ఆటలు గెలిపించాడు! ఇంకొక్కటి గెలిస్తే ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం ఆడే ఆటలు. ఓడితే ఇంటికి. మాకైతే మళ్ళీ ఏడాది ఉంటుంది, ఆయనకి ఇక ఏళ్ళు మిగల్లేదు. పదకొండు జట్లు తిరిగినా ప్లేఆఫ్ ఆట అంటూ ఒక్కటీ ఆడలేదు. "ఒక్కటి ఆడితే చాలు. ఓడినా సరే, ఆడి ఓడాలి" అని నాతో అన్నాడు. ఆ మనిషి తనకోసం ఏదైనా కోరుకోగా వినడం నాకదే మొదటిసారి.

ఆ చివరి ఆట ఓమహాతోనే వచ్చింది. ఎదురుగా ఫాంటెనో. ఇప్పుడు వాడి బొమ్మ బస్సుల మీద ఉంటుంది.

మా ఊరి సరస్సు మీది నుంచి గాలి, మంచు, స్టేడియం నిండా జనం. మొదటిసారి బంతి అందించానో లేదో, ఫాంటెనో నన్ను తలుపులా తోసుకుని వెళ్ళి గ్రేడీని మంచులో పాతేశాడు. గ్రేడీ పడుకునే చప్పట్లు కొట్టాడు.

"భుజం కదల్లేదు! చూశావా వాల్ట్, అస్సలు కదల్లేదు!"

"చూశాను. దగ్గర్నుంచి చూశాను" అన్నాను నోట్లో మంచు ఉమ్ముతూ.

"పెద్దాయనా, రెండోది చెప్తానన్నావు" అన్నాడు ఫాంటెనో, ఆయన్ని చెయ్యి పట్టి లేపుతూ.

"ఆట అయ్యాక."

గట్టు మీద బ్రానిగన్ తన టోపీని కొరుకుతున్నాడు.

చివరికి వచ్చేసరికి మేం నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. దాటితే ఆరు పాయింట్లిచ్చే గీత మూడు గజాల దూరంలో ఉంది. ఇంకొక్కసారి ఆడేంత సమయమే ఉంది. బంతి గీత దాటితే ప్లేఆఫ్స్, దాటకపోతే గ్రేడీ కథ అక్కడితో సరి. అందరం తలలు దగ్గర పెట్టుకున్నాం.

"వాల్ట్, ఫాంటెనోని ఆపొద్దు" అన్నాడు గ్రేడీ.

"పొద్దుటి నుంచీ ఆ పనే చేస్తున్నాను కదా!"

"విను. తొందరలో ఉన్నాడంటే వాడు తన ఎడమ వైపుకే గిర్రున తిరుగుతాడు. తిరగనీ. నువ్వు వెళ్ళి వాడి వెనకాల ఉన్నవాణ్ణి పట్టుకో. మిగిలిన సందులోంచి నేను పరిగెడతాను."

అందరం ఆయన మోకాళ్ళ కట్ల వైపు చూశాం. ఆయన పరిగెత్తగా చూసినవాళ్ళు మా జట్టులో లేరు.

"నువ్వా?" అన్నాను.

"నేను పరిగెడతానని మీరే నమ్మడం లేదు. వాళ్ళెలా నమ్ముతారు?"

మడమ నేలకి ఆనించి బంతి అందించాను. ఫాంటెనో దూకాడు, తన ఎడమకి గిర్రున తిరిగాడు. ఉత్త గాలిని కౌగిలించుకున్నాడు. నేను వెనకాలవాడి మీద పడ్డాను. పక్కనించి రొప్పుతూ, మూలుగుతూ, మోకాళ్ళు కిర్రుమంటూ గ్రేడీ వెళ్ళాడు. దాన్ని పరుగు అనాలంటే పెద్ద మనసు కావాలి. మూడు గజాలూ మూడు మైళ్ళలా సాగాయి. ఆఖరికి ఇద్దరు వెనక నుంచి పట్టుకుంటే వాళ్ళనీ లాక్కుంటూ గీత అవతల బోర్లా పడ్డాడు.

టచ్‌డౌన్! అరవై వేల గొంతులు ఒక్కసారి లేచాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా బొటబొటా ఏడ్చాను.

మా జట్టంతా పైన పడి కుప్ప పోసుకుంటే, ఆ కుప్ప అడుగు నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఫాంటెనో చొక్కా పట్టుకుంది.

"ఇప్పుడు రెండోది విను. ఎప్పుడూ ఎడమకే తిరుగుతున్నావు నాయనా. అప్పుడప్పుడూ కుడికి..."

"వద్దు!" అని కేక పెడుతూ బ్రానిగన్ మంచులో జారుకుంటూ వచ్చాడు. "గ్రేడీ, నోరు ముయ్యి! వచ్చే ఏడు కూడా వీడితో ఆడాలి!"

ఫాంటెనో కోపగించుకుంటాడేమో అనుకున్నాను. వాడు కుప్పలో చేతులు పెట్టి, గ్రేడీని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు పైకెత్తి నిలబెట్టాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు.

"ఆ ఆగస్టు ఆట రోజు మావాళ్ళు నన్ను పంపించేస్తామని పొద్దున్నే చెప్పేశారు. సామాను కారులో పెట్టుకునే ఆటకి వచ్చాను. ఈయన ఆ ఒక్క మాట చెప్పాడు, నేను ఉండిపోయాను."

"నా మీదుగా" అన్నాను.

"నీ మీదుగానే. థాంక్స్" అన్నాడు నవ్వుతూ.

మర్నాడు పొద్దున్న పాన్‌కేకుల హోటల్లో ఊపిరాడనంత జనం ఉన్నారు. లోరీన్ ఒకే చేతి మీద అయిదు పళ్ళేలు పేర్చుకుని, ఒక్క చుక్క ఒలక్కుండా మా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ చెయ్యి చూస్తుంటే నాకేదో తట్టింది.

"అన్నా, నువ్వు ఎప్పుడైనా పేరున్న ఆటగాడికి సలహా ఇచ్చావా?"

"వాళ్ళకెందుకు?" అన్నాడు, సిరప్ ఒంపుకుంటూ.

మొదటి రోజే పళ్ళెం జారవిడిచిన లోరీన్. మొదటి పెళ్ళికి వణికిపోయిన పాస్టరు. మొదటిసారి మనిషిని పంపించడం చేతకాని బ్రానిగన్. సామాను కారులో పెట్టుకున్న ఫాంటెనో. వరసగా అందరూ కళ్ళ ముందుకొచ్చారు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందో చెప్పలేను. అంతలో నా కుడి మడమ గుర్తొచ్చింది.

"ఆగు. అంటే ఆ వేసవిలో నన్ను కూడా..."

"పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి."

"నన్ను కూడా పంపించేసేవాళ్ళా? అందుకేనా ఆ రోజు నన్ను కోచ్ గది బయట కూర్చోబెట్టింది?"

గ్రేడీ జాలిగా నా వైపు చూసి, నా పళ్ళెంలో తన బేకన్ ముక్క ఒకటి వేశాడు.

"అంత ఘోరంగా ఆడేవాణ్ణా అన్నా?"

"మడమ ఒక్కటే అయితే ఫర్వాలేదు. నీకు రెండోది కూడా ఉంది."

"ఏమిటది?"

"ప్లేఆఫ్స్ అయ్యాక చెప్తాను" అన్నాడు, ఆ మాటని నోట్లో పాన్‌కేకు కన్నా రుచిగా నములుతూ.